పెళ్ళి డిస్కులకి జోడు ప్రతులు: డిస్క్ డూప్లికేటర్ వాడే పద్ధతి

2021 సెప్టెంబరు 26న "గులాబ్" తుఫాను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. బలహీనపడి, దేశాన్ని అడ్డంగా దాటుకుంటూ వెళ్ళి, అరేబియా సముద్రంలో మళ్ళీ బలం పుంజుకుని "షాహీన్" అని కొత్త పేరు పెట్టించుకుంది. అక్టోబరు 3న ఒమన్ ఉత్తర బాతినా తీరంలో అల్ సువైక్ ప్రాంతంలో నేలను తాకింది. దాని పక్కనే ఉన్న అల్ ఖాబూరాలో 369 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాది మొత్తానికి వంద మిల్లీమీటర్లు పడితే గొప్పనుకునే తీరం అది.

ఇదంతా టెక్నాలజీ శీర్షికలో ఎందుకంటారా? బ్యాకప్ గురించి మనం ఆఫీసుల్లో వల్లెవేసే సూత్రం ఒకటుంది కదా: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, కనీసం ఒక ప్రతి వేరే ఊళ్ళో. కళింగపట్నంలో అమ్మానాన్నల బీరువాలో ఒక పెళ్ళి డీవీడీ, సువైక్‌లో కొడుకు గదిలో ఇంకొకటి దాచుకున్న కుటుంబం "వేరే ఊరు" అన్న మాట పాటించినట్టే లెక్క. రెండు ఊళ్ళకీ మధ్య మూడు వేల కిలోమీటర్లకి కాస్త తక్కువ దూరం. అయినా ఏడు రోజుల తేడాలో ఒకే తుఫాను రెండు తలుపులూ తట్టింది.

కాబట్టి రెండు చాలవు, మూడోది కావాలి. ఆ మూడోది తీసే ఒక సులువైన యంత్రం గురించే ఈ వ్యాసం. దాన్ని ఎప్పుడు వాడాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు వాడకూడదో చెప్పాలని నా ప్రయత్నం.

ఇంకా డిస్కులేమిటండీ అని కొందరు నవ్వుకుంటారని తెలుసు. నిజమే, ఇప్పుడొచ్చే లాప్‌టాప్‌లలో డ్రైవే ఉండదు. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కానీ మీ ఇంట్లో ఒక్కసారి బీరువా పై అర చూడండి. 1990ల చివరి నుంచి ఓ పదిహేనేళ్ళ పాటు మన పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, తాతగారి చివరి మాటలు అన్నీ మొదట వీసీడీల మీద, ఆ తర్వాత డీవీడీల మీద ఉన్నాయి. వీడియో తీసినాయన దగ్గర అసలు క్యాసెట్టు ఇంకా ఉంటుందని ఆశపడకండి. చాలా స్టూడియోలు క్యాసెట్ల మీదే మళ్ళీ మళ్ళీ రికార్డు చేసుకునేవి. అంటే మీ చేతిలో ఉన్న ఆ పళ్ళెమే మూలప్రతి.

ఒక ఇంటివాళ్ళకి అయిదారు డిస్కులే ఉంటే డూప్లికేటర్ కొనడం దండగ. యూఎస్‌బీకి తగిలించే చిన్న డీవీడీ రైటర్ చాలు. కానీ ఓ తెలుగు సంఘం ఉందనుకోండి. ఇరవై కుటుంబాల డిస్కులు, పాత ఉగాది వేడుకల డిస్కులు, వాటికి తోడు కంప్యూటర్ జోలికి పోని పెద్దవాళ్ళు. అక్కడ ఈ యంత్రం పనికొస్తుంది. కంప్యూటర్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, డ్రైవర్ల గొడవ లేదు. నాలుగు బొత్తాలు, రెండు వరసల చిన్న తెర, అంతే.

లోపల ఏముంది?

చూడడానికి పాతకాలపు డెస్క్‌టాప్ టవర్‌లా ఉంటుంది. సాధారణంగా పైన ఒక రీడర్, కింద ఒకటి నుంచి పది పన్నెండు దాకా రైటర్లు. వీటన్నిటినీ కలిపేది ఒక కంట్రోలర్ బోర్డు. దాని మీద కొంచెం బఫర్ మెమరీ, ఫర్మ్‌వేర్. కొన్ని మోడళ్ళలో హార్డ్ డిస్క్ కూడా ఉంటుంది.

పని తీరు మన బళ్ళో డిక్టేషన్ లాంటిది. మాస్టారు ఒక్కో వాక్యం చదువుతుంటే పదిమంది పిల్లలూ ఒకేసారి రాసుకుంటారు. మాస్టారికి ఆ పాఠం అర్థం కానక్కర్లేదు, అక్షరాలు స్పష్టంగా చదివితే చాలు. డూప్లికేటర్ కూడా అంతే. ఫైళ్ళు, ఫోల్డర్లు దానికి పట్టవు. మొదటి సెక్టర్ నుంచి చివరి సెక్టర్ దాకా వరసగా చదివి పంపిస్తుంది. అందుకే జిరాక్సులా ప్రతి తీసిన కొద్దీ మసకబారడం ఉండదు. సరిగ్గా వచ్చిన ప్రతికీ మూలానికీ తేడా సున్నా. కాకపోతే మాస్టారు ఒకచోట నత్తిపడితే క్లాసంతా ఆగిపోతుంది. ఈ బలహీనత సంగతి తర్వాత చూద్దాం.

వీసీడీతో వచ్చే తిరకాసు

మనవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వీసీడీని కంప్యూటర్లో పెట్టి, అందులోని "డాట్" ఫైలుని డెస్క్‌టాప్ మీదకి లాగేసి, బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. లేదా ఐఎస్ఓ ఇమేజ్ తీస్తారు. సగం సార్లు ఎర్రర్ వస్తుంది, మిగతా సగం ఆడని ఫైలు వస్తుంది. డిస్కు పాడైందనుకుని పక్కన పడేస్తారు. పాపం, డిస్కు తప్పేమీ లేదు.

సీడీ మీద ఒక్కో సెక్టర్ 2352 బైట్లు. మామూలు డేటా సీడీలో ఇందులో 2048 బైట్లే మన సమాచారం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం, అంటే 276 బైట్లు, తప్పులు దిద్దుకునే కోడ్. వీసీడీలో వీడియో ఉండే సెక్టర్లు ఇంకో రకం. వాటిలో 2324 బైట్లు వీడియోకే ఇచ్చేశారు, ఆ దిద్దుబాటు కోడ్ తీసేశారు. వీడియోలో ఒక చుక్క చెడితే తెర మీద క్షణంసేపు గళ్ళు కనిపిస్తాయి, కొంప మునగదు కదా అని వాళ్ళ లెక్క. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టర్లుంటాయి. 2048తో గుణిస్తే సుమారు 737 మెగాబైట్లు, 2324తో గుణిస్తే సుమారు 837 మెగాబైట్లు. "700 ఎంబీ" అని రాసి ఉన్న డిస్కులో 800 ఎంబీ వీడియో ఎలా పట్టిందన్న పాత సందేహానికి జవాబు ఇదే.

ఐఎస్ఓ ఫైలు అంటే సెక్టరుకి 2048 బైట్లే అన్న ఒప్పందం. వీసీడీ అందులో ఇమడదు. దానికి సెక్టరుని మొత్తంగా తీసే "బిన్, క్యూ" జంట కావాలి. డూప్లికేటర్‌కి ఈ బాధ లేదు. డిస్కు రకాన్ని తానే గుర్తించి, ఆ తరహాలోనే రాస్తుంది. నా మటుకు ఈ యంత్రం వల్ల అసలైన లాభం వేగం కాదు, ఇదే. కంప్యూటర్ తెలియనివాళ్ళు కూడా వీసీడీని సరిగ్గా కాపీ చేయగలరు.

ఇంకో మాట. పైన చెప్పిన దిద్దుబాటు పొర లేదు కాబట్టి వీసీడీలు డీవీడీల కన్నా ముందు చెడతాయనుకుని వాటితోనే మొదలుపెట్టండి. వయసులో కూడా అవే పెద్దవి. సీడీలో అద్దంలా మెరిసే పొర లేబుల్ కిందే, పల్చని లక్క పూత చాటున ఉంటుంది. పైవైపు బాల్ పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన స్టిక్కరు పీకినా సమాచారమే ఊడి వస్తుంది. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండిటి మధ్య ఆ పొర ఉంటుంది, అదొక రక్ష.

పని మొదలుపెట్టే ముందు

అమెరికా నుంచో సింగపూర్ నుంచో సెకండ్ హ్యాండ్ టవర్ తెచ్చుకునేవాళ్ళు ముందు వెనక వైపు చూడండి. కొన్ని పవర్ సప్లైలకి 115, 230 అని చిన్న ఎర్ర మీట ఉంటుంది. ఒమన్‌లో కరెంటు 240 వోల్టులు, మన దేశంలో 230. ఆ మీట 115 దగ్గర ఉండగా ప్లగ్గు పెడితే పెద్ద చప్పుడొకటి వినిపిస్తుంది, ఆ తర్వాత ఇంకేమీ వినిపించదు.

మూలం డిస్కుని తుడవాలంటే మెత్తటి నూలు గుడ్డతో, మధ్య నుంచి అంచుకి, సూటిగా. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. గుండ్రటి గీత ట్రాకు పొడుగునా పడితే వరసగా ఎన్నో సెక్టర్లు పోతాయి, దిద్దుబాటు కోడ్ చేతులెత్తేస్తుంది. అడ్డగీతను అది సులువుగానే దాటేస్తుంది. ఏసీ గదిలోంచి తీసిన డిస్కుని సువైక్ లాంటి ఉక్కపోత ఊళ్ళో బయటి గాలిలోకి తెస్తే మంచు పట్టినట్టు చెమ్మ చేరుతుంది. ఆరేదాకా ఆగి యంత్రంలో పెట్టండి.

ఖాళీ డిస్కుల దగ్గర బేరం వద్దు. ఒక చిక్కు కూడా గుర్తుంచుకోండి: డీవీడీ మైనస్ ఆర్, డీవీడీ ప్లస్ ఆర్ రెండిటి మీదా 4.7 జీబీ అనే ఉంటుంది కానీ కొలత ఒకటి కాదు. మైనస్‌లో 4,70,73,19,808 బైట్లు పడితే, ప్లస్‌లో 4,70,03,72,992 బైట్లే. తేడా దాదాపు 70 లక్షల బైట్లు. స్టూడియోవాళ్ళు అంచుదాకా నింపిన మైనస్ డిస్కుని ప్లస్ మీదకి కాపీ చేయబోతే చోటు చాలదంటుంది. మూలం ఏ రకమో ఖాళీ డిస్కూ ఆ రకమే తీసుకుంటే గొడవ ఉండదు. 8.5 జీబీ పట్టే రెండు పొరల డిస్కుకి రెండు పొరల ఖాళీ డిస్కే కావాలి. కుదించి రాయడం ఈ యంత్రానికి చేతకాదు.

మెనూలో ఏది నొక్కాలి?

మోడల్‌ని బట్టి పేర్లు మారతాయి కానీ దాదాపు అన్నిటిలో కాపీ, టెస్ట్, వెరిఫై, కంపేర్ అనేవి కనిపిస్తాయి. ఉత్త కాపీ నొక్కి, ట్రే బయటికి రాగానే "అయిపోయింది" అనుకునేవాళ్ళే ఎక్కువ. అది డిక్టేషన్ రాయించి పుస్తకాలు దిద్దకుండా ఇంటికి పంపేయడమే. వెరిఫై అంటే సాధారణంగా కొత్త ప్రతి మొదటి నుంచి చివరిదాకా చదవడానికి వస్తోందా లేదా అని చూడడం. కంపేర్ అంటే మూలంతో పక్కపక్కన పెట్టి బిట్టు బిట్టూ సరిపోల్చడం. మనకి కావలసింది రెండోది. "కాపీ అండ్ కంపేర్" అని కలిపి ఉంటే అదే ఎంచుకోండి. ఆడియో సీడీల్లో మాత్రం కంపేర్ తప్పు చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. డ్రైవుకీ డ్రైవుకీ చదివే చోటు కొన్ని శాంపిళ్ళ మేర ముందూ వెనకా ఉంటుంది, పాటలో తేడా ఉండదు.

వేగం విషయంలో నాదొక అభిప్రాయం. అతి నెమ్మదిగా రాస్తే నాణ్యత బాగుంటుందని ఒక నమ్మకం ఉంది. 16 ఎక్స్ అని రాసి ఉన్న నేటి డిస్కుల అద్దకం మధ్యస్థ వేగాలకి తగినట్టు తయారైంది. 8 ఎక్స్ దగ్గర పెట్టుకుంటే చాలు. డీవీడీకి 1 ఎక్స్ అంటే సెకనుకి సుమారు 1.385 మెగాబైట్లు, నిండు డిస్కుకి దాదాపు గంట పడుతుంది. 8 ఎక్స్‌లో రాయడం పది నిమిషాల లోపు, కంపేర్‌కి ఇంచుమించు మరో పది. డిస్కులు మార్చడం, రాసుకోవడం కలిపి విడతకి అరగంట అనుకోండి. అరవై మూలాలుంటే ముప్ఫై గంటలు. ఒమన్‌లో శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి రెండు మూడు వారాంతాల పని. నాలుగైదు విడతల తర్వాత యంత్రానికి కాస్త విరామం ఇవ్వండి. మూసిన గదిలో పది రైటర్లు కలిసి బాగానే వేడెక్కుతాయి.

క్యామ్‌కార్డర్‌లో వాడిన ఎనిమిది సెంటీమీటర్ల బుల్లి డిస్కులు చాలా ఇళ్ళల్లో ఉంటాయి. వాటిని ఆ రోజుల్లో "ఫైనలైజ్" చేయకపోతే డూప్లికేటర్ ఖాళీ డిస్కనో, తెలియని డిస్కనో అంటుంది. ఆ క్యామెరా ఇంకా పనిచేస్తుంటే అందులోనే ఫైనలైజ్ చేయండి. క్యామెరా పోయినా డిస్కుని పారేయకండి. ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాములు దాన్ని చదవగలవు.

కొన్న సినిమా డిస్కుల సంగతి అడగబోతున్నారని తెలుసు. వాటి మీద ఉండే తాళాన్ని ఈ యంత్రాలు తీయవు, తీయకూడదు కూడా. ఒమన్‌లో 65/2008 రాజాజ్ఞ, మన దేశంలో 2012 సవరణలో వచ్చిన 65ఏ సెక్షను ఆ దారి మూసేశాయి. మన ఇంటి వేడుకల వరకే మన మాట.

ఎప్పుడు వాడకూడదు?

ఇక ఆ నత్తి మాస్టారి సంగతి. మూలం డిస్కు అప్పటికే చెడుతోందనుకోండి. ప్లేయర్‌లో ఒకచోట ఆగి ఆగి ఆడుతోంది, తలంబ్రాల దగ్గర గళ్ళు గళ్ళుగా వస్తోంది. అలాంటిదాన్ని డూప్లికేటర్‌లో పెడితే చదవలేని సెక్టర్ దగ్గర అది కాసేపు తంటాలుపడి, కాపీ రద్దు చేసి ట్రేలన్నీ తెరిచేస్తుంది. పది ఖాళీ డిస్కులు చెత్తబుట్టకి. కొన్ని మోడళ్ళలో "ఎర్రర్లు దాటేసి వెళ్ళు" అనే సెట్టింగు ఉంటుంది. అది ఇంకా ప్రమాదం. చిల్లులున్న ప్రతిని మంచి ప్రతిలా చేతిలో పెడుతుంది. పదేళ్ళ తర్వాత మూలం పూర్తిగా పోయాక ఆ చిల్లులు బయటపడతాయి.

అందుకే ముందు "టెస్ట్" నొక్కి మూలాన్ని మొత్తం ఒకసారి చదివించండి. అది దాటిన డిస్కులే టవర్‌కి. దాటనివి వేరే కుప్ప. ఆ కుప్పకి కంప్యూటర్, ఓపిక రెండూ కావాలి.

డీవీడీలకైతే జీఎన్‌యూ వారి డీడీరెస్క్యూ ఉంది. ముందు సులువుగా వచ్చే సెక్టర్లన్నీ తీసుకుంటుంది, ఎక్కడెక్కడ చదవలేకపోయిందో ఒక పటం ఫైలులో రాసి పెట్టుకుంటుంది. మళ్ళీ నడిపితే ఆ పటం చూసి మిగిలిన చోట్లే ప్రయత్నిస్తుంది. ఇవాళ ఒక డ్రైవుతో, రేపు ఇంకో డ్రైవుతో నడపవచ్చు. ఒక డ్రైవు చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే. వీసీడీలకి ఇది పనికిరాదు, కారణం పైన చూశాం. వాటికి ఐసోబస్టర్, లేదా లినక్స్‌లో సెక్టరుని మొత్తంగా చదివే సీడీఆర్‌డీఏఓ.

డీడీరెస్క్యూ మన పెళ్ళిళ్ళకి మరీ బాగా కలిసొస్తుంది. వీడియో ఆయన ఎప్పుడూ ఒక్క ప్రతే ఇవ్వడు. ఆడపెళ్ళివారికి ఒకటి, మగపెళ్ళివారికి ఒకటి ఇస్తాడు. రెండూ ఒకే ఇమేజ్ నుంచి రాసినవైతే సెక్టర్ల అంకెలతో సహా అచ్చు ఒకటే. మీ డిస్కులో తలంబ్రాల చోట పోయింది, వియ్యంకుడి డిస్కులో అప్పగింతల చోట పోయింది. మీ డిస్కుతో తయారైన పటం ఫైలునే ఇచ్చి, డ్రైవులో ఆయన డిస్కు పెట్టి మళ్ళీ నడిపితే మీ దగ్గర లేని సెక్టర్లు అక్కడి నుంచి వచ్చి చేరతాయి. రెండు చెడ్డ డిస్కుల నుంచి ఒక మంచి ఇమేజ్. ముందుగా రెండు డిస్కుల మొత్తం సైజు బైట్లతో సహా ఒకటేనో కాదో, మెనూ ఒకటేనో కాదో చూసుకోండి. వేర్వేరుగా ఎడిట్ చేసినవి కలిపితే కలగాపులగం అవుతుంది. ఇలా వచ్చిన ఇమేజ్‌ని ఒక డిస్కు మీద రాసి, దాన్ని మాస్టర్‌గా టవర్‌లో పెట్టి ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు.

వరద నీళ్ళలో మునిగిన డిస్కులు కూడా చూడగానే పారేసేవి కావు. నీరు లోపలికి వెంటనే వెళ్ళదు. హానికరమైనది బురద, దానిలోని ఇసుక. పొడిగా తుడిస్తే గీతలు పడతాయి. మంచినీళ్ళ ధార కింద కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. కవరు కాగితం అంటుకుపోతే లాగకుండా నీళ్ళలో కాసేపు నాననివ్వండి. ఆరాక టెస్ట్ చేసి, అదే వారంలో కాపీ తీయండి.

మూడో ప్రతి ఎక్కడ?

రాసే డిస్కులకి శత్రువులు వేడి, తేమ, వెలుతురు. లోపలి అద్దకం వీటికి మెల్లగా మారిపోతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2003లో వేసిన సీడీ, డీవీడీల సంరక్షణ పుస్తకం 4 నుంచి 20 డిగ్రీల సెల్సియస్, 20 నుంచి 50 శాతం తేమ మధ్య దాచమంటుంది. సువైక్‌లో గానీ, శ్రీకాకుళంలో గానీ అది మామూలు ఇంట్లో సాధ్యం కాదు. సాధ్యమైనంత చేద్దాం. కారు డాష్‌బోర్డులో వద్దు. ప్లాస్టిక్ సంచీల ఆల్బంలో కాకుండా విడి పెట్టెల్లో నిలబెట్టండి. వేసవిలో నెల రోజుల సెలవుకి ఊరెళ్తూ ఏసీ కట్టేస్తాం కదా, ఆ నెలలో గది ఎంత కాగుతుందో ఆలోచించండి. వీలైతే ఆ నెలకి మస్కట్‌లో ఎవరైనా స్నేహితుడి ఇంట్లో ఉంచండి.

ఇక ఊళ్ళు. బంగాళాఖాతం ఒడ్డున ఒకటి, ఒమన్ తీరాన ఒకటి ఉంటే మూడోది సముద్రానికి దూరంగా ఉండాలి. హైదరాబాదులోనో, కరీంనగర్‌లోనో, బెంగుళూరులోనో బంధువులు లేని తెలుగు కుటుంబం అరుదు. నేల మీది అరలో కాకుండా పై అంతస్తులో పెట్టమని చెప్పండి. మూడూ డిస్కులే కావడం కూడా మంచిది కాదు. టెస్ట్ చేసే రోజే ప్రతి మూలానికీ ఇమేజ్ తీసి ఒక హార్డ్ డిస్కులో వేసి, దాని షా 256 విలువని చిన్న ఫైలులో రాసుకోండి. హార్డ్ డిస్కు ఉన్న డూప్లికేటర్లు ఇమేజ్‌ని తమలోనే దాచుకుంటాయి కానీ చాలావాటిలో అది ఆ యంత్రం మాత్రమే చదవగల పద్ధతిలో ఉంటుంది. యంత్రం పోతే అదీ పోతుంది. దాన్ని బ్యాకప్ కింద లెక్కేయవద్దు.

డిస్కు మీద ఆల్కహాల్ లేని, నీటి సిరా మార్కరుతో, మధ్యలోని పారదర్శకమైన వలయం మీద ఒక సంఖ్య మాత్రం వేయండి. ఎవరి పెళ్ళి, ఏ తేదీ, ఏ ఊరు, ఎప్పుడు కాపీ తీశారు అన్నవి పెట్టె మీద రాయండి. రెండేళ్ళకోసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఆ పెట్టెలోంచి రెండు మూడు తీసి టెస్ట్ చేయండి. ఒక్కటి తడబడినా ఆ కొనుగోలులోని డిస్కులన్నీ మళ్ళీ రాయాల్సిందే.

హైదరాబాదు బంధువుకి పంపేముందు ఆయనింట్లో డీవీడీ ప్లేయరు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అదే వీడియోని ఎంపీఫోర్‌గా మార్చి పెన్ డ్రైవులో వేసి, డిస్కుతో పాటు అదే పెట్టెలో పెట్టి పంపండి. పెన్ డ్రైవు ఆయన చూసుకోవడానికి, డిస్కు దాచడానికి.